తోలుపై డయోడ్ లేజర్: గీతకు సరే, కోతకు కాదు

ఇంట్లో తోలు పర్సులు, బెల్టులు, తాళంచెవి పట్టీలు, నోటుపుస్తకాల కవర్లు కుట్టేవారు ఈమధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న, పది వాట్ల డయోడ్ లేజర్ యంత్రం కొనవచ్చా అని. అలాంటి యంత్రాన్ని ప్రధానంగా తోలు పనికే వాడుతున్నాను కనుక దాని గురించి, దానితో చేసిన వస్తువును పూర్తి చేసే పని గురించి వివరంగా రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తరగతి యంత్రాల్లో చట్రం రంగూ పెట్టె మీది పేరూ మారుతాయి గాని, లోపల 450 నానోమీటర్ల దరిదాపుల్లో నీలికాంతినిచ్చే డయోడ్లు, జీఆర్‌బీఎల్ కోవకు చెందిన నియంత్రణ (మోటార్లనూ లేజర్‌నూ నడిపే సాఫ్ట్‌వేర్), పళ్ల బెల్టు మీద నడిచే రెండు అక్షాలు దాదాపు అన్నిటికీ ఒకటే. ప్రకటనల్లో మాత్రం చెక్క, అక్రిలిక్, తోలు అన్నిటినీ ఒకే వరుసలో పెట్టి, అన్నిటినీ కోస్తుంది, అన్నిటిమీదా చెక్కుతుంది అని రాస్తారు. తోలు విషయంలో ఆ మాటలో సగమే నిజం. చెక్కడం వరకు ఈ యంత్రం డబ్బుకు తగిన పని చేస్తుంది, కోయడానికి మాత్రం కత్తికి సాటి రాదు.

బిగింపు గురించి చెప్పవలసింది తక్కువ. అల్యూమినియం కడ్డీలు, స్క్రూలు, రెండు మోటార్లు, ఒక సాయంత్రం పని. చట్రం నాలుగు మూలలూ లంబకోణంలో ఉన్నాయో లేదో చూసుకోకపోతే గీసిన చతురస్రం పక్కకు వాలుతుంది కనుక, చివరి స్క్రూలు బిగించే ముందు రెండు కర్ణాలనూ టేపుతో కొలిచి సమానం చేసుకోవాలి. ఫోకస్ కోసం ఇచ్చే చిన్న లోహపు ముక్కను తోలు మీద ఆనించి లేజర్ తలను దానిపైకి దించడమే, అంతకంటే కష్టం లేదు. అయితే తోలు పలకలాగా చదునుగా ఉండదు. పొట్ట భాగం నుంచి కోసిన ముక్క అలలా లేస్తుంది, ఒక మిల్లీమీటరు లేచినచోట గీత మొద్దుబారుతుంది. కింద తేనెతుట్టె ఆకారపు ఇనుప జాలీ పరిచి, ముక్క అంచులను అయస్కాంతాలతో అదిమి పెడితే ఈ ఇబ్బంది తీరుతుంది.

అసలు విషయం తోలు ఎంపిక. యంత్రం గురించిన ఫిర్యాదుల్లో చాలావరకు నిజానికి తోలు గురించినవే. బజారులో దొరికే తోలులో అత్యధిక భాగం క్రోమియం లవణాలతో పదును చేసింది (పచ్చి చర్మం కుళ్లకుండా తోలుగా మార్చడమే పదును). మెత్తగా ఉంటుంది, నీటికి ఓర్చుకుంటుంది, చౌక కూడా. కాని లేజర్ కింద అది శుభ్రమైన ముదురు గీత ఇవ్వదు, బూడిద రంగులోకో ఆకుపచ్చ ఛాయలోకో తిరుగుతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి, క్రోమియం ఉన్న తోలును కాల్చినప్పుడు అందులో కొంత భాగం హానికరమైన ఆరు వేలెన్సీల క్రోమియంగా మారే అవకాశం ఉంది. ఇల్లే కార్ఖానా అయినవారు ఆ పొగను పిల్లలు తిరిగే గదుల్లోకి వదలడం సబబు కాదు. నేను లేజర్ కింద పెట్టేది చెట్టు బెరడుతో పదును చేసిన తోలును మాత్రమే.

ఈ రకం తోలు కోసం ఇటలీ వైపు చూడనక్కరలేదు. తమిళనాడులో తిరుచిరాపల్లి, దిండిగల్ ప్రాంతాలు ఈస్ట్ ఇండియా తోలు అనే పేరుతో బెరడు పదును తోలుకు చాలాకాలంగా ప్రసిద్ధి. దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. సంప్రదాయంగా ఆ పదునుకు ఆధారం మన తంగేడు చెట్టు బెరడు, దానితోపాటు కరక్కాయ. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం అని, బతుకమ్మకు తప్పనిసరి పువ్వు అని అందరికీ తెలుసు. అదే చెట్టు బెరడును నలగ్గొట్టి లందలో తోళ్లు నానబెట్టిన పనివారి చేతి విద్య మన ఊళ్లలో తరతరాలు నడిచిందన్న సంగతిని మాత్రం పువ్వు గురించి రాసినంతగా ఎవరూ రాయరు. ఇప్పుడు తుమ్మజాతికి చెందిన వాటిల్ చెట్టు బెరడు రసం కూడా విరివిగా వాడుతున్నారు. లేజర్ దృష్టితో చూస్తే రెండూ మంచివే. లేత గోధుమరంగు తోలు మీద గీత చాక్లెట్ రంగులో, అంచులు తెగినట్టుగా స్పష్టంగా పడుతుంది.

దుకాణదారు మాట మీద ఆధారపడకుండా మూడు పరీక్షలు చేసుకోవచ్చు. మొదటిది, కోసిన అంచును చూడడం. మధ్యలో నీలి బూడిద ఛాయ కనిపిస్తే అది క్రోమ్ తోలు, అంచు మొత్తం గోధుమరంగులో ఉంటే బెరడు పదును కావచ్చు, అయితే లోపలిదాకా రంగు వేసిన తోలులో ఈ తేడా తెలియదు. రెండోది, వేలి గోరంత ముక్కను మరిగే నీటిలో వేయడం. బెరడు పదును తోలు దాదాపు 70 నుంచి 85 డిగ్రీల మధ్యనే ముడుచుకుపోతుంది కనుక నిమిషంలో వంకర తిరిగి గట్టిపడుతుంది, క్రోమ్ తోలు చాలామట్టుకు అలాగే ఉంటుంది. మూడోది రెక్సిన్‌ను పట్టుకోవడానికి. రాగి తీగను స్టవ్ మంట మీద ఎర్రగా కాల్చి, ఆ ముక్కకు తాకించి, మళ్లీ మంటలో పెడితే ఆకుపచ్చ జ్వాల కనిపించినట్లయితే అందులో క్లోరిన్ ఉన్నట్టు. అంటే అది పీవీసీ. దాన్ని లేజర్ కింద పెట్టడం మంచిది కాదు అనడం చాలదు, పెట్టనే కూడదు. కాలినప్పుడు వెలువడే హైడ్రోజన్ క్లోరైడ్ ఊపిరితిత్తులకు హాని చేయడమే కాక, యంత్రంలోని ఇనుప భాగాలను కూడా తుప్పు పట్టిస్తుంది. బెల్టుల దుకాణాల్లో అసలైన తోలు అన్న ముద్రతో అమ్మేవాటిలో సన్నని తోలు పొర మీద మందమైన ప్లాస్టిక్ పూత ఉన్నవి కూడా ఉంటాయి కనుక ముద్రను చూసి ఈ పరీక్ష మానుకోకూడదు.

ఇక చెక్కడం. యంత్రం ఈ పనిలో నన్ను నిరాశపరచలేదు. తోలుకు చాలా తక్కువ శక్తి చాలు. పది వాట్ల తలతో నిమిషానికి 3000 మిల్లీమీటర్ల వేగం, 15 నుంచి 25 శాతం శక్తి, గీతల మధ్య 0.1 మిల్లీమీటరు దూరం, ఇవి నేను మొదలుపెట్టే అంకెలు. ప్రతి కొత్త తోలుకూ వేగం ఒకవైపు, శక్తి మరొకవైపు మారుతూ పోయే చిన్న గళ్ల పట్టికను అదే తోలు తుంట మీద గీసి చూసుకున్నాకే అసలు ముక్క పెట్టాలి, ఎందుకంటే ఒకే చర్మంలో వెన్ను భాగానికీ పొట్ట భాగానికీ కూడా తేడా వస్తుంది. సమయం లెక్క కట్టుకోవడం తేలిక. 60 మిల్లీమీటర్ల వెడల్పు, 40 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న బొమ్మకు 0.1 దూరంతో 400 గీతలు, అంటే మొత్తం 24 మీటర్ల నడక, పై వేగంతో 8 నిమిషాలు. అటూ ఇటూ మలుపు తిరిగే సమయం దీనికి అదనం. వేగం రెట్టింపు చేస్తే సమయం సగమవుతుందని అనుకోకూడదు, చిన్న బొమ్మల్లో తల పూర్తి వేగం అందుకునేలోపే మలుపు వచ్చేస్తుంది.

ఈ మలుపుల దగ్గరే ఒక చిక్కు ఉంది. మలుపులో తల నెమ్మదిస్తుంది, శక్తి మాత్రం తగ్గకపోతే ఆ చోట తోలు లోతుగా కాలి నల్లటి చుక్క పడుతుంది. జీఆర్‌బీఎల్ 1.1లో లేజర్ పద్ధతిని ఆన్ చేసి, ఎం3 బదులు ఎం4 ఆదేశం వాడితే వేగం తగ్గినప్పుడల్లా శక్తి కూడా దానంతట అదే తగ్గుతుంది. కొన్ని యంత్రాలతో వచ్చే పుస్తకాల్లో దీని ప్రస్తావనే ఉండదు. సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే, ఉచితంగా దొరికే లేజర్‌జీఆర్‌బీఎల్ ఫొటోలకు సరిపోతుంది. పర్సు ముక్కల వంటి కొలతల పనికి డబ్బు పెట్టి కొనే లైట్‌బర్న్ స్పష్టంగా మెరుగు.

తెలుగు అక్షరాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే పర్సు మీద పేరు తెలుగులో కావాలని అడిగేవారు తక్కువేమీ కాదు. లేజర్ సాఫ్ట్‌వేర్‌లో నేరుగా తెలుగు టైపు చేస్తే ఒత్తులు విడిపోవడం, గుణింతం గుర్తులు పక్కకు జరగడం చూడవలసి వస్తుంది. ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో టైపు చేసి, అక్షరాలను గీతలుగా మార్చి, ఎస్‌వీజీ దస్త్రంగా తీసుకువెళితే ఏ చిక్కూ రాదు. ఫాంటు ఎంపిక కూడా ముఖ్యమే. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే రామభద్ర వంటి బలమైన అక్షరాలు తోలు మీద నిండుగా కనిపిస్తాయి. సన్నని పుస్తక ఫాంట్లలో తలకట్టు చివరలు పొగలో కరిగిపోతాయి. కాంతి చుక్క వెడల్పు దాదాపు 0.08 మిల్లీమీటర్లే అయినా, వేడి దాని చుట్టూ కొంత పాకుతుంది. కాబట్టి 'క్ష్మి', 'స్త్రీ' వంటి గుత్తులున్న పేర్లను ఏడెనిమిది మిల్లీమీటర్ల ఎత్తు కంటే తక్కువలో గీయమని అడిగేవారికి నేను ముందే తుంట మీద గీసి చూపిస్తాను. అదే ఎత్తులో ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు హాయిగా చదవడానికి వస్తాయి గనుక వినియోగదారుకు మన అభ్యంతరం మొదట అర్థం కాదు.

మసి ఈ పనిలో అసలు శత్రువు. గీసిన వెంటనే వేలితో తుడిస్తే మసి తోలు రంధ్రాల్లోకి దిగిపోతుంది, తర్వాత ఏం చేసినా ఆ మచ్చ పూర్తిగా పోదు. గీసే ముందు తోలు మీద తక్కువ జిగురున్న కాగితపు టేపు అంటించి, టేపు మీదుగానే గీసి, తర్వాత పీకేయడం ఒక పద్ధతి. పెద్ద అక్షరాలకు ఇది బాగుంటుంది. చిన్న వివరాలున్న బొమ్మలో టేపు తునకలను ఒక్కొక్కటిగా పట్టుకారుతో తీయవలసి వస్తుంది. అలాంటి చోట తోలును స్పాంజితో కొద్దిగా తడిపి, పైతడి ఆరి మళ్లీ లేత రంగు తిరుగుతున్నప్పుడు గీస్తే మాడు తగ్గుతుంది. యంత్రంతో వచ్చిన గాలి పంపును చెక్కేటప్పుడు సన్నగా మాత్రమే పెట్టాలి. దాని ధార గట్టిగా ఉంటే మసి ఒకవైపుకు తోకలా సాగుతుంది.

కోత సంగతికి వస్తాను. ఒక మిల్లీమీటరు మందం ఉన్న పర్సు తోలును ఈ యంత్రం కోస్తుంది, అందులో అబద్ధం లేదు. బెల్టుకు వాడే మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల తోలును కూడా అదే దారిలో పలుమార్లు నడిపితే కోస్తుంది. అయితే కోసిన అంచు బొగ్గులా మాడి, పెళుసుగా, ముట్టుకుంటే చేతికంటేలా ఉంటుంది. బెరడు పదును తోలు తక్కువ వేడికే ముడుచుకుంటుందని పైన చెప్పిన కారణంగానే అంచు వెంట సన్నని పట్టీ గట్టిపడి కుంచించుకుపోతుంది. తోలు వస్తువు నాణ్యతను తెలిసినవారు మొదట చూసేది అంచునే. ఈ మాడిన భాగాన్ని గరుకు కాగితంతో పూర్తిగా తీసేస్తే తప్ప అంచు మెరుగు పట్టదు, తీసేస్తే కొలత తగ్గుతుంది, రెండు ముక్కలు అతికించినచోట జిగురు కూడా ఆ మసి పొరకే అంటుకుని తర్వాత విడిపోతుంది. జాలీ మీద నుంచి తిరిగి కొట్టే కాంతి ముక్క వెనక వైపు గళ్లగళ్లుగా మచ్చలు వేయడం మరొక బాధ.

కుట్టు రంధ్రాలను కూడా లేజర్‌తోనే వేసుకోవచ్చని చాలామంది సంబరపడతారు. వరుస తప్పకుండా, సమాన దూరంలో, చూడముచ్చటగా పడతాయన్నది నిజమే. కాని ఆరెతో గానీ పళ్ల ఉలితో గానీ పొడిచినప్పుడు నారలు పక్కకు జరిగి దారాన్ని మళ్లీ బిగించి పట్టుకుంటాయి, లేజర్ ఆ నారలను కాల్చి లేకుండా చేస్తుంది. గుండ్రని మాడిన రంధ్రంలో దారం వదులుగా తిరుగుతుంది, లేతరంగు దారమైతే మసి అంటి మురికిగా కనిపిస్తుంది. లాగుడు ఎక్కువగా పడే సంచి పట్టీల దగ్గర అలాంటి రంధ్రాల వరుస చింపుకోవడానికి గీసిన గీతలాంటిదే. నా పద్ధతి, యంత్రంతో ముక్క రూపురేఖనూ రంధ్రాల స్థానాలనూ కంటికి కనిపించేంత లేతగా గుర్తు పెట్టించి, కోతను కత్తితో, రంధ్రాలను పళ్ల మధ్య నాలుగు మిల్లీమీటర్ల దూరం ఉన్న ఉలితో చేయడం. ఇలా చేస్తే యంత్రం ఇచ్చే కచ్చితత్వం దక్కుతుంది, మాడు మాత్రం తోలు లోపలికి దిగదు.

ముగింపు పని, అంటే శుభ్రం చేయడం, రంగు, నూనె, పూత, అంచు మెరుగు, ఇదంతా యంత్రం ధరలో కనిపించని ఖర్చు. సమయం కూడా ఎక్కువ తినేది ఇదే. చెక్కిన ముక్కను మెత్తని బ్రష్షుతో పొడిగా దులిపి, జీను సబ్బు (శాడిల్ సోప్) నురగను తడి స్పాంజితో తీసుకుని, రుద్దకుండా అద్దుతూ మసిని పైకి లాగాలి. స్పాంజిని తరచుగా కడగాలి. కాలిన తోలు వాసన, అంటే జుట్టు కాలినట్టుండే ఆ కమురు, ఈ కడుగుడుతో చాలావరకు పోతుంది. మిగిలినది గాలికి ఆరబెట్టగా కొన్నాళ్లకు తగ్గుతుంది. పెళ్లి బహుమతిగా ఇవ్వవలసిన పర్సును చివరి రోజున గీయడానికి పెట్టుకోవద్దని చెప్పడానికి ఇదొక్కటే చాలు.

రంగు ముందా గీత ముందా అన్నది కావలసిన ఫలితాన్ని బట్టి ఉంటుంది. ముందు లేత రంగు వేసి ఆరాక గీస్తే గీత స్పష్టంగా నిలుస్తుంది. గీసిన తర్వాత రంగు వేస్తే, పై పొర తెరుచుకున్న చోట తోలు రంగును దాహంగా పీల్చి నల్లబడుతుంది, పాతబడిన వస్తువులా కనిపిస్తుంది. ముదురు నలుపు వేశాక గీయడం వల్ల ఉపయోగం లేదు, నలుపు మీద గోధుమ ఛాయ పగటి వెలుతురులో తప్ప తెలియదు. నూనె విషయంలో పశువుల కాలి ఎముకల నుంచి తీసే నీట్స్‌ఫుట్ నూనెను పలుచగా, ఒక్క పూత మాత్రమే వేస్తాను. ఎక్కువ వేస్తే లేత తోలు మొత్తం ముదురుతుంది, గీతకూ తోలుకూ ఉన్న తేడా తగ్గిపోతుంది. వంటింట్లో ఉన్న కొబ్బరినూనె రాయమని సలహా ఇచ్చేవారు చాలామంది ఉన్నారు. అది 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టే నూనె, చలికాలం ఉదయం పర్సు మీద తెల్లటి పొరగా తేలుతుంది. పై పూతకు ఫీబింగ్స్ వారి రెజోలీన్‌ను సమానంగా నీళ్లు కలిపి రెండు పలుచని పూతలుగా వేస్తే, గీతల్లో మిగిలిన సన్నని మసి అక్కడే పట్టుబడి చొక్కా జేబుకు అంటకుండా ఉంటుంది. నీళ్లు కలపకుండా వేస్తే ప్లాస్టిక్ మెరుపు వస్తుంది, వంపు దగ్గర పగులుతుంది.

అంచుకు 400, 600, 800 అంకెల గరుకు కాగితాలు వరుసగా, తర్వాత జపాన్ నుంచి వచ్చే టోకోనోల్ అనే లేపనాన్ని వేలితో పూసి, మందపాటి క్యాన్వాస్ గుడ్డతో వేడి పుట్టేదాకా రుద్దడం, చివర తేనెమైనం. టోకోనోల్ పని బాగుంటుంది గాని ఖరీదు. సీఎంసీ (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్) పొడిని నీటిలో నానబెట్టి జెల్లీలా చేసుకుంటే బెల్టు అంచులకు, తాళంచెవి పట్టీలకు అది చాలు, ఖర్చు కూడా నామమాత్రం. కత్తితో కోసిన అంచు ఈ వరుసలో గాజులా తయారవుతుంది. లేజర్‌తో కోసిన అంచును ఇదే వరుసలో తెచ్చి పక్కన పెడితే రెంటి తేడా ఎవరైనా చూడగానే చెప్పగలరు.

భద్రత గురించి యంత్రంతో వచ్చే ఆకుపచ్చ కళ్లజోడును నమ్ముకోవడం నాకు నచ్చలేదు. మూత లేని ఈ యంత్రాలు నాలుగో తరగతి లేజర్లు, తిరిగి కొట్టిన కాంతి కూడా కంటికి ప్రమాదం. 450 నానోమీటర్లకు ఎంత రక్షణ ఇస్తుందో అంకెల్లో ముద్రించి ఉన్న కళ్లజోడు విడిగా కొనాలి, లేదా నారింజరంగు కిటికీ ఉన్న మూత పెట్టెలో యంత్రాన్ని ఉంచాలి. పెట్టె ఉంటే పొగను నాలుగంగుళాల గొట్టంతో కిటికీ బయటికి పంపడం కూడా సాధ్యమవుతుంది. అపార్ట్‌మెంట్లలో పై అంతస్తువారి బాల్కనీ ఎటువైపు ఉందో చూసుకుని గొట్టం పెట్టుకోవడం మర్యాద. యంత్రం నడుస్తుండగా గదిలోంచి వెళ్లకూడదు. కరెంటు మధ్యలో పోతే పని ఎక్కడ ఆగిందో నా యంత్రానికి గుర్తుండదు, ఆ ముక్క వృథా అయినట్టే. ఇన్వర్టరు లైనులో పెట్టుకుంటే వేసవి కరెంటు కోతల కాలంలో తోలు మిగులుతుంది. వానకాలంలో బెరడు పదును తోలుకు బూజు తొందరగా పడుతుంది కనుక పూత వేయని ముక్కలను ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచకుండా, గాలి తగిలేలా గుడ్డలో చుట్టి పెట్టాలి.

మరమ్మతుల ఖర్చు ఇప్పటివరకు స్వల్పమే. తల కింద ఉండే రక్షక గాజుకు మసి పడితే గీత పాలిపోతుంది, శక్తి పెంచుకుంటూ పోకుండా ముందు ఆ గాజును తుడిచి చూడాలి. అదనపు గాజును యంత్రంతో పాటే తెప్పించుకోవడం మంచిది. అమ్మకానంతర సేవ మాత్రం నిరాశపరిచింది, ప్రశ్నకు సమాధానంగా అదే పుస్తకంలోని పుటలను ఫొటో తీసి పంపారు.

ఇప్పుడు మళ్లీ కొనవలసి వస్తే నేను పది వాట్లది తీసుకోను. పది వాట్ల తలలో సాధారణంగా రెండు డయోడ్ల కాంతిని కలుపుతారు, ఆ అదనపు బలం అవసరమయ్యేది కోతకే. చెక్కడానికి ఒక్క డయోడ్ ఉన్న అయిదు వాట్ల తల సరిపోతుంది, ధర తక్కువ. మిగిలిన డబ్బులో మొదటి వాటా మూత పెట్టెకూ పొగ పంకాకూ, రెండోది మంచి కత్తికీ పళ్ల ఉలికీ. కోత కూడా యంత్రంతోనే కావాలని పట్టుబట్టేవారు, ఒకే ఆకారాన్ని వందల్లో తీయవలసినవారైతే, ఆ ఆకారానికి ఉక్కు అచ్చు చేయించుకుని చేతి ప్రెస్సు కింద నొక్కి చూడండి. మాడు లేని అంచు వస్తుంది, వేగంలో కూడా ఏ డయోడ్ లేజరూ దాని దరిదాపులకు రాదు.